మీటరాయన లెక్క తప్పిన రోజు

మీటరాయనతో మొదటిసారి మాట్లాడేవాళ్ళు కాస్త నొచ్చుకుంటారు. మనం ఎదురుగా నిలబడి మన గోడు చెప్పుకుంటుంటే ఆయన మన చెవి వైపు చూస్తూ వింటాడు. తలబిరుసు అనుకుంటారు. కాదు. ఆయన కళ్ళలో నడిమి చూపు పోయి అంచుల చూపు మిగిలింది. సూటిగా చూస్తే మన ముఖం ఉండాల్సిన చోట పొగమంచు ముద్దలాంటిది కనిపిస్తుంది. చెవి వైపు చూస్తే ముఖం ఓ పక్కగా, లీలగా తెలుస్తుంది. "నీ ముఖం చూద్దామనే నీ చెవి చూస్తున్నానయ్యా" అంటాడు ఎవరైనా అడిగితే. అడిగేవాళ్ళు తక్కువ. ఎక్కువమంది ఆయన పక్కనే నిలబడి, ఆయన భార్యను "ఆయన టీ తాగుతారా?" అని అడుగుతారు. చూపు తగ్గిన మనిషికి నోరూ చెవులూ కూడా పోయాయని లోకం తనంతట తనే తీర్మానించుకుంటుంది.

వాళ్ళ స్టూడియో బస్సులు ఆగే చోటికి ఎదురుగా, చెప్పుల దుకాణం మీది అంతస్తులో ఉంది. మెట్లెక్కగానే వచ్చే చిన్న గది కూతురిది. కంప్యూటరు, ప్రింటరు, ఫొటోలు కత్తిరించే బల్ల అన్నీ అక్కడే. లోపలి గదిలో తెల్లటి తెర, గొడుగు దీపాలు, ఒక కాలు పొట్టిదైతే అట్టముక్క పెట్టి నిలబెట్టిన స్టూలు. ఫిల్ము రోజుల్లో కెమెరా ఆయన చేతిలో ఉండేది. చీకటిగదిలో కడగడం, ఆరేయడం, చెరిగిన చోట దిద్దడం అంతా ఆవిడదే. అయినా ఊరికి ఆయన ఫొటోగ్రాఫరు, ఆవిడ ఫొటోగ్రాఫరు గారి భార్య. సగం పని చేసినవాళ్ళకి సగం పేరు కూడా దక్కదు ఈ లోకంలో. ఆయన చూపు మసకబారి కెమెరా ఆవిడ చేతికి వచ్చాకే వీధి ఆవిడను "ఫొటోలమ్మ" అని పిలవడం నేర్చుకుంది. అప్పుడు ఆయన కుర్చీ కిటికీ పక్కకు జరిగింది. "హాయిగా విశ్రాంతి తీసుకోండి" అన్నారు అందరూ. మూలన కూర్చోబెట్టడానికి మనం పెట్టుకున్న మర్యాదైన పేరు విశ్రాంతి.

ఆయన్ను ఆ కుర్చీలోంచి లేపింది ఒక పాత లెన్సు.

డిజిటల్ కెమెరా ఒకటి ఎవరో వాడి అమ్మేస్తే కొన్నారు. లెన్సు మాత్రం ఫిల్ము కాలం నాటిదే, ఆయన చేత్తో అరిగినది. గాజు మంచిది, కొత్త కెమెరాకి ఇట్టే పట్టేసింది. చిక్కల్లా ఒక్కటే. కొత్త లెన్సయితే తానెంత తెరుచుకుందో కెమెరాకి చెప్పుకుంటుంది. ఈ పాతదానికి కెమెరాతో మాటల్లేవు, అత్తా కోడళ్ళలాగా. లెన్సు చెప్పకపోతే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు నిద్రపోతుంది. ఎంత వెలుతురు ఉంది, లెన్సు ఎంత మూయాలి, ఎంతసేపు తెరవాలి అన్నీ మనిషే చూసుకోవాలి. ఫొటోలమ్మకి బొమ్మ కుదర్చడం తెలుసు, దిద్దడం తెలుసు. ఈ లెక్క ఎప్పుడూ తన చేతికి రాలేదు. మొదటి రోజుల్లో తీసినవన్నీ అయితే మసిబొగ్గు, కాకపోతే సున్నం.

ఒకరోజు ఆవిడ ఒక పాపను కిటికీ దగ్గర నిలబెట్టి తంటాలు పడుతుంటే, కుర్చీలోంచి ఆయన గొంతు వినిపించింది.

"వెనకేముంది?"

"గోడ."

"ఏ రంగు?"

"లేత పసుపు. కాస్త పెచ్చులూడింది."

"పాప గౌను?"

"ముదురు ఎరుపు. నీడ మెత్తగా ఉంది, అంచులు తెలియడం లేదు."

ఆయన కాసేపు ఆలోచించి రెండంకెలు చెప్పాడు. పాప ముఖం ముఖంలా వచ్చింది.

అలా మొదలైంది. వీధి ఆయనకు "మీటరాయన" అని పేరు పెట్టింది. రాను రాను పనికి ఒక పద్ధతి ఏర్పడింది. కెమెరాను ముక్కాలి మీద నిలబెట్టి, ఆవిడ ఎదురుగా ఉన్నదంతా ఆయనకు చెబుతుంది. లెన్సు పూర్తిగా తెరిచి ఉంచితేనే చూసుకునే అద్దంలో వెలుతురు బాగా ఉంటుంది గనక, అలా తెరిచే ముఖాలు స్పష్టం చేసుకుంటుంది. "కుదిరింది" అంటుంది. అప్పుడు ఆయన చెయ్యి చాపి, లెన్సు మెడలోని రింగును వేళ్ళతో తిప్పుతాడు. ఒక్కో మెట్టుకి రింగు టిక్కుమంటుంది. లెక్కపెట్టుకుంటూ మూసి, "మూశా" అంటాడు. ఆవిడ కెమెరాలోంచి కన్ను తీసి, మనుషుల్ని మామూలుగా చూస్తూ, మంచి క్షణం దొరకగానే కెమెరాకి తగిలించిన తీగ మీట నొక్కుతుంది.

ఈ పద్ధతిలో ఇంకొకటి కూడా ఉంది. ఎవరూ పెట్టుకున్నది కాదు, దానంతట అదే పాతుకుపోయింది. తీశాక ఆవిడ కెమెరా వెనక తెర చూడదు. ఆయన "మూశా" అన్నాక తెర చూడడమంటే ఆయన్ని అనుమానించినట్టు అనిపించేది ఆవిడకి. తర్వాత కంప్యూటరులో చూసుకునేది. ఎప్పుడూ బాగానే ఉండేవి.

ఊళ్ళో పెద్దాసుపత్రికి వెనక ఒక బట్టలుతికే విభాగం ఉంది. దాన్ని మూసేసి ఆ పని బయటి కంపెనీకి ఇచ్చేస్తున్నారు. ఏళ్ళ తరబడి రోగుల దుప్పట్లు, నెత్తుటి గుడ్డలు, డాక్టర్ల కోట్లు ఉతికిన ఆడవాళ్ళంతా తలోదిక్కు పోవాలి. ఆసుపత్రి వసారా గోడల నిండా ఫొటోలున్నాయి. విరాళాలిచ్చినవాళ్ళవి, పెద్ద డాక్టర్లవి, రిబ్బన్లు కత్తిరించినవాళ్ళవి. ఉతికినవాళ్ళది ఒక్కటీ లేదు. అది కావాలని ఆ జట్టులో వయసులో పెద్దది, అందరూ పెద్దక్క అని పిలిచే మనిషి, స్టూడియో మెట్లెక్కి వచ్చింది.

"ఆరేసే పెరట్లో తియ్యాలమ్మా. దుప్పట్ల మధ్యలో. వసారాలో పెడతారో పెట్టరో మాకనవసరం, మా ఇళ్ళల్లో పెట్టుకుంటాం" అంది.

సరిగ్గా ఆ వారమే ఆయన చేతి లెన్సుకి బూజు పట్టింది. రిపేరు షాపతను శుభ్రం చేసిస్తానని అది తీసుకుని, ఈలోగా వాడుకోమని అలాంటిదే వేరే పాత లెన్సు ఇచ్చాడు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నాయి. అన్నదమ్ముల్లాగే తేడాలు లోపలున్నాయి.

పెరడంతా తెల్లటి దుప్పట్లు. తాళ్ళ మీద వరసలు వరసలుగా, గాలికి ఉబ్బుతూ. వాటి ముందు నీలం చొక్కాలు తొడుక్కున్న ఆడవాళ్ళు, బ్లీచింగ్ పౌడరుకి వేళ్ళ సందులు ఒరుసుకుపోయిన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎండ నిలువునా కొడుతోంది. ఫొటోలమ్మ వరస పెట్టి చెప్పింది. దుప్పట్ల తెలుపు, చొక్కాల నీలం, ముఖాల నలుపు, చామనఛాయ, నేల మీద పదునుగా పడిన నీడలు. ఆయన తల ఊపాడు. దుప్పట్ల మెరుపు చూసి భయపడి మరీ మూసేస్తే ముఖాలు బొగ్గవుతాయి, మరీ తెరిస్తే దుప్పట్లతో పాటు ముఖాలూ తెల్లగా కాలిపోతాయి. నాలుగు టిక్కులు చాలనుకున్నాడు. ఎప్పుడూ ఇలాంటి ఎండకి నాలుగే.

"మూశా."

తీశారు. జట్టుగా తీశారు, ఇద్దరిద్దరుగా తీశారు. వంగి నవ్వుతున్నవాళ్ళను తీశారు. పెద్దక్క మాత్రం నవ్వలేదు.

స్టూడియోకి వచ్చి కూతురు కంప్యూటరులో తెరిచింది. ఒక్కో ఫొటోనే ముందుకు జరుపుతూ పోయింది.

"ఏమైందే?" అంది తల్లి.

"అన్నీ ఇలాగే ఉన్నాయమ్మా."

దుప్పట్లు లేవు. గాలి లేదు, మడత లేదు. తెల్లటి శూన్యంలో కొన్ని నీలం చొక్కాలు, వాటి మీద పిండి చల్లినట్టు పాలిపోయిన ముఖాలు. కూతురు వెలుతురు తగ్గించి చూసింది. తెలుపు బూడిదైంది గానీ మడతలు తిరిగి రాలేదు. కాలిపోయిన చోట ఏమీ మిగలదు.

ఆయన లెన్సు తెమ్మన్నాడు. రింగు చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో టిక్కూ విన్నాడు.

"దీనికి మెట్టుకి రెండు టిక్కులు" అన్నాడు చివరికి. "సగం సగం మెట్లు. నేను నాలుగు మెట్లు మూశాననుకున్నా, రెండే మూశా. నాలుగింతల వెలుతురు లోపలికి పోయింది." లెన్సు మూత పెట్టేశాడు. "టిక్కులు దగ్గర దగ్గరగా ఉన్నట్టు వేలికి తెలిసింది. కొత్తగా నూనె వేశాడేమో అనుకున్నా."

కూతురు మెత్తగానే మాట్లాడింది, కానీ ఎప్పట్నుంచో లోపల పెట్టుకున్న మాట అది. "నాన్నా, నా స్నేహితురాలి దగ్గర కొత్త లెన్సుంది. అదే తెరుచుకుంటుంది, అదే మూసుకుంటుంది, మీటరు పనిచేస్తుంది. ఇకనుంచి బయటి పనులకి అది తీసుకుపోదాం. నువ్వు అంత ఎండలో నిలబడక్కర్లేదు."

"అదే మంచిది" అన్నాడాయన.

అంత తేలిగ్గా ఒప్పుకోవడమే ఫొటోలమ్మకి నచ్చలేదు. ఆయన లేచి గోడ పట్టుకుని కిటికీ పక్క కుర్చీ దగ్గరికి పోయాడు. మెడలో ఎప్పుడూ ఉండే, అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తీసి మడిచి కిటికీ గట్టు మీద పెట్టాడు. మళ్ళీ కట్టుకోని మనిషి మడిచినట్టు మడిచాడు.

ఆవిడ వెనకే వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

"నాకు కనబడింది."

"ఏం కనబడింది?"

"మీరు మూశాక రింగు మీద అంకె. ఇలాంటి ఎండకి ఎప్పుడూ ఎనిమిది దాకా మూసుకుంటుంది. ఇవాళ సగంలోనే, నాలుగు దగ్గర ఆగింది. చూశాను."

ఆయన ఆవిడ చెవి వైపు తిరిగాడు. "చూసి?"

"మీకేదో లెక్క ఉండి ఉంటుందిలే అనుకున్నా."

"అడగొచ్చుగా."

"అందరి ముందూ… మీరేమనుకుంటారో అని."

కింద చెప్పుల దుకాణంలో ఎవరో బేరమాడుతున్నారు.

"లెక్క తప్పడం నాకు కొత్త కాదు" అన్నాడు నెమ్మదిగా. "ఫిల్ము రోజుల్లో రీళ్ళకి రీళ్ళు తగలేశాను. అప్పుడు నువ్వేమనేదానివి? చీకటిగదిలోంచి బయటికొచ్చి, 'ఇదేం తీత, కాకులకి పెట్టిన పిండాకూడులా ఉంది' అని ముఖం మీదే అనేదానివి. కళ్ళున్నప్పుడు తిట్టేదానివి, కళ్ళు పోయాక దండం పెట్టడం మొదలెట్టావు. నన్నెందుకు దేవుణ్ణి చేశావు? దేవుణ్ణయితే గూట్లో కూర్చోబెడతారు. పనికి తీసుకుపోరు."

"అనుమానించినట్టు ఉంటుందని…"

"పని చేసే మనిషిని అనుమానించాలి. అనుమానించకుండా వదిలేశారంటే, వీడిది పని కాదు, ఏదో వీడి సరదా అనుకుంటున్నారన్నమాట."

ఇన్నేళ్ళుగా గౌరవం అనుకుంటూ తాను చేసింది, టీ తాగుతారా అని ఆయన్ను దాటి తనను అడిగేవాళ్ళు చేసినదానికి ఎంత దూరంలో ఉందో ఆలోచించింది. దూరం ఎక్కువ లేదు. జాలి చాలా తెలివైంది. మనింట్లోకి వచ్చినప్పుడు మర్యాద చీర కట్టుకుని వస్తుంది.

"రింగు నాలుగు దగ్గర ఆగింది, చూస్తూ ఊరుకున్నాను, తప్పు నాది కూడా" అంది.

"సగం నీది" అన్నాడు. "వాళ్ళకి చెప్పాలిగా. నేను వస్తా. చెప్పడానికైనా."

ఆ సాయంత్రమే ముగ్గురూ ఆసుపత్రి వెనక్కి వెళ్ళారు. ఆడవాళ్ళు చివరి మూటలు కడుతున్నారు. కూతురు అచ్చు తీసిన ఫొటో చూపించింది. ఒకామె ఎగిరి గంతేసినంత పని చేసింది.

"అబ్బో, ఎంత తెల్లగా వచ్చానో చూడండే. మా ఆయన చూస్తే, ఎవరీవిడ అని అడుగుతాడు."

"అడిగి, ఈవిడ్నే ఉంచుకుంటానంటాడు" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు.

పెద్దక్క ఫొటోను దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూసింది. నవ్వలేదు.

"వేరే స్టూడియోల్లో ఇలా తెల్లబరచడానికి విడిగా తీసుకుంటారు" అంది. "తెల్లనివన్నీ పాలనుకునేవాళ్ళకి బాగానే ఉంటుంది. ఇది మేం కాదు. ఆ దుప్పట్లెక్కడికి పోయాయి? మేం ఉతికినవే."

"కాలిపోయాయమ్మా" అన్నాడు మీటరాయన. "నా లెక్క తప్పింది. ఈ లెన్సు టిక్కులు వేరు, చూసుకోలేదు."

"నేను చూసి కూడా చెప్పలేదు" అంది ఫొటోలమ్మ.

పెద్దక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "గేటుకి ఇంకా తాళం పడలేదు. దుప్పట్లు రేపొద్దున కూడా ఆరేస్తాం, ఆఖరుసారి. రండి." తర్వాత నేరుగా ఆయన్నే అడిగింది. "నువ్వు వస్తావా అన్నా?"

ఆయన జవాబు చెప్పేలోపే కూతురు అంది, "కొత్త లెన్సు తెస్తున్నామక్కా. ఈసారి పొరపాటు జరగదు."

"నేనడిగింది ఆయన్ని."

ఆయన భార్య గొంతు వినిపించిన వైపు తిరిగాడు. "నా భార్య తిడతానంటే వస్తా" అన్నాడు.

మర్నాడు పొద్దున ముక్కాలి మీద అదే అరువు లెన్సు. కూతురు కొత్త లెన్సుతో ఇంకో కెమెరా మెడలో వేసుకుని పక్కన నిలబడింది. ఆ అమ్మాయి జాగ్రత్త ఆ అమ్మాయిది, అందులో తప్పేం లేదు. ఆయన రింగును ముందే ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూసుకున్నాడు. ఫొటోలమ్మ ఎదురుగా ఉన్నదంతా చెప్పింది. "కుదిరింది" అంది. ఆయన మూశాడు.

"అంకె ఎంత?" అని అడిగాడు. ఎప్పుడూ అడగని మాట అది.

"ఎనిమిది."

"తియ్యి."

తీసింది. అలవాటు కొద్దీ చేతులు కట్టుకుని నిలబడింది.

"తెర చూడు" అన్నాడాయన.

కెమెరా వెనక్కి వంగి, తెర మీద చెయ్యి అడ్డం పెట్టి చూసింది. ఎంత చీకటి, ఎంత వెలుతురు పడిందో గుట్టలా గీసి చూపే చిన్న బొమ్మ ఒకటుంది అందులో. ఆ బొమ్మకి ఎడమ గోడ చీకటి, కుడి గోడ వెలుతురు.

"గుట్ట ఎటు ఒరిగింది?"

"కుడికి. కుడి గోడకి ఆనుకుపోయింది."

"బాగా ఆనుకుందా, తగిలీ తగలనట్టా?"

"కాస్త నలిగింది."

"దుప్పట్లు కాలుతున్నాయన్నమాట." రింగు తిప్పాడు. "ఇంకో మెట్టు మూశా. తియ్యి."

తీసింది. చూసింది. "గోడ వదిలింది."

"అయితే సరిపోయింది."

"సరిపోలేదు" అంది ఆవిడ.

ఆ మాట అనేసి తనే తత్తరపడింది. ఆడవాళ్ళు అటూ ఇటూ కదలడం మానేశారు. కూతురు తల్లి వైపు చూసింది.

"ఏం?" అన్నాడాయన.

"దుప్పట్ల మడతలు బాగా వచ్చాయి. ముఖాలు పోయాయి. చివరున్న అమ్మాయికి కళ్ళే కనబడ్డం లేదు. మీరు దుప్పట్లు కాపాడుకుంటున్నారు. వచ్చింది మనుషుల్ని తియ్యడానికి."

"దుప్పట్లు కాలాయని పెద్దక్క నిన్న…"

"ఒకటో రెండో కాలితే కాలనీ. వెనక్కి తిప్పండి."

"వెనక్కి తిప్పితే మళ్ళీ గోడ నలుగుతుంది."

"నలగనివ్వండి."

"కొట్టుకోండమ్మా కొట్టుకోండి" అంది పెద్దక్క వరసలోంచి. "మాకేం తొందర లేదు, రేపట్నుంచి పని కూడా లేదు."

ఆయన ముఖంలో ఏదో విప్పారింది. నవ్వు కాదు, నవ్వు కన్నా పాతది. చీకటిగది తలుపు తెరుచుకున్నప్పుడల్లా తిట్లకు సిద్ధపడి నిలబడే పడుచువాడి ముఖం అది.

"ఎంత తప్పు?" అని అడిగాడు. "చెప్పు. మెట్టంతా తప్పా, తక్కువా?"

ఆవిడ మళ్ళీ వంగి చూసింది. ముఖం తర్వాత ముఖం పెద్దది చేసి చూసింది. తొందరపడలేదు.

"మెట్టు కన్నా తక్కువే. కొంచెం తెరవండి. అంతకన్నా వద్దు."

ఆయన తెరిచాడు. ఆవిడ తీగ మీట పట్టుకుని వాళ్ళ వైపు చూసింది. గాలికి ఒక దుప్పటి ఉబ్బి పెద్దక్క భుజాన్ని తాకింది. ఆమె దాన్ని తోయలేదు. ఫొటోలమ్మ మీట నొక్కింది.

పక్కనుంచి కూతురి కెమెరా కూడా టకటకమంది. ఆమె తన తెర చూసుకుని, తల్లి తెర చూసింది.

"నాదీ బాగానే వచ్చింది నాన్నా" అంది, కాస్త మొహమాటంగా.

"మరింకేం? రెండూ ఇవ్వు. వాళ్ళకేది నచ్చితే అది పెట్టుకుంటారు."

యంత్రాన్ని ఓడిస్తేనే మనిషికి పని ఉండాలని రూలేం లేదు. బయటి కంపెనీ పెద్ద యంత్రాలు కూడా దుప్పట్లు తెల్లగానే ఉతుకుతాయి. ఉతికిన ఈ చేతులు ఏమైపోవాలన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న అడగకుండా తాళాలు వేసేవాళ్ళతోనే మన తగవు.

"ఎలా వచ్చారు?" అని అడిగాడు మీటరాయన.

ఆవిడ ఎడమ చివర నుంచి ఒక్కొక్కరినీ చెప్పుకుంటూ వచ్చింది. ఎవరి తల వంగింది, ఎవరి చెయ్యి ఎవరి భుజం మీద పడింది, ఎవరు రెప్ప వేశారు. ఆయన తల ఊపుతూ విన్నాడు.

"పెద్దక్క నవ్విందా?"

"లేదు. కోపంగా ఉంది. సూటిగా మన వైపే చూస్తోంది."

"నల్లగా ఉందా?"

"ఆమె ఎంత నల్లగా ఉంటుందో అంత నల్లగా ఉంది. కళ్ళు బాగా తెలుస్తున్నాయి."

"రెప్ప వేసినామె కోసం ఇంకోటి తీద్దాం" అని, ఆయన రింగు మీదికి చెయ్యి చాపాడు.

"ఆగండి" అంది ఆవిడ. "ఎండ మారింది. మళ్ళీ చెబుతా, వినండి."